క్లాసు: చరిత్రకారుడి వర్గం, డాక్టరు గడి, మధ్యలో మన కులం

తెలుగులో ‘క్లాసు’ అన్నంత సులువుగా నోటికొచ్చే ఇంగ్లీషు మాటలు కొద్దే. బళ్లో క్లాసు, రైల్లో క్లాసు, సర్కారు ఆఫీసులో క్లాస్ ఫోర్ ఉద్యోగి. పార్టీ రాజకీయ పాఠాల్లోకి వస్తే అదే మాట ‘వర్గం’ అవుతుంది. రాజ్యాంగం తెలుగులో ‘తరగతి’ అవుతుంది. ‘వెనుకబడిన తరగతులు’ అని పైన రాసి కింద కులాల జాబితా ఇస్తారు. 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు కులం కూడా ఒక సామాజిక తరగతి కావచ్చునని తేల్చింది. మెడికల్ కాలేజీ గడప తొక్కితే అదే మాట ‘సోషల్ క్లాస్’ అనే పేరుతో ఫారంలో ఒక గడిగా మారిపోతుంది. ఇన్ని అర్థాలున్న మాటని అందరం ఒకటే అనుకుని వాడేస్తున్నాం. మన చర్చల్లో సగం తగువులు అక్కడే పుడుతున్నాయి.

ఈ వ్యాసంలో మేము రెండు అర్థాలనే తీసుకుంటున్నాం. ఒకటి సామాజిక చరిత్ర రాసేవాళ్లు చెప్పే వర్గం. రెండోది వైద్యశాస్త్రం వాడే క్లాసు. మొదటిది మనుషుల మధ్య నడిచే సంబంధం. రెండోది మనిషికి తగిలించే నంబరు. ఈ తేడా ఉందని చెప్పి ఊరుకోవడానికి ఇంత రాయనక్కర్లేదు. మేము అనేదేమంటే, ఈ రెండూ ఇంగ్లండు మిల్లుల చుట్టూ పుట్టి పెరిగాయి. మన దేశానికి రెండూ తయారు సరుకుగా దిగాయి. దిగిన చోట రెండూ కులం దగ్గర ఆగిపోయాయి. వర్గం అనే వామపక్ష మిత్రుడూ, క్లాసు అనే డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కానీ కళ్లు మూసుకున్న చోటు మాత్రం ఇద్దరిదీ ఒకటే. దానివల్ల మన మనుషులు ఎంత త్వరగా చనిపోతున్నారో, ఎందుకు చనిపోతున్నారో లెక్క తేలకుండా పోతోంది.

చరిత్రకారుడి వర్గం

ఇ.పి. థామ్సన్ ఇంగ్లీషు కార్మికవర్గం ఎలా తయారైందో చెబుతూ 1963లో పెద్ద పుస్తకం అచ్చేశాడు. మన యూనివర్సిటీల్లో చరిత్ర, సోషియాలజీ చదివే పిల్లలకి ఆ పేరు తెలియకుండా ఎమ్మే పూర్తవదు. 1780ల నుంచి 1832 దాకా నడిచిన కథ అది. చేనేతవాళ్లు, ఉన్నిబట్ట కత్తిరించేవాళ్లు, మేజోళ్లు అల్లేవాళ్లు, యంత్రాలు పగలగొట్టిన లుడ్డైట్లు, 1819లో పీటర్లూ మైదానంలో గుర్రపు సైనికుల కత్తులకి బలైనవాళ్లు అందరూ అందులో ఉన్నారు. ఆ పుస్తకంలో వర్గం ఒక వస్తువు కాదు. బీరువాలో అర కాదు. ఒకరి పనిని ఇంకొకరు తినేస్తుంటే, తినబడ్డవాళ్లు ఆ సంగతి గ్రహించి కూడగట్టుకుంటుంటే, ఆ క్రమంలో జరిగేది వర్గం. గడియారాన్ని ఆపి లోపల కాలం ఎక్కడుందో వెతికితే దొరకనట్టే, సమాజాన్ని ఒక క్షణంలో ఆపి వర్గాన్ని చూపించమంటే కుదరదు.

మాకు ఈ ఆలోచన చాలా నచ్చింది, కారణం ఉంది. మా ఇళ్లలో బడికెళ్లిన మొదటి తరం మేము. మా పెద్దవాళ్ల గురించి రాసిన కాగితాలంటే పోలీసు రికార్డులు, అప్పు పత్రాలు, జనాభా లెక్కలు. వాటిలో మనుషులు అంకెలుగానో, నేరస్తులుగానో ఉంటారు. కూలీలకి కూడా ఆలోచన ఉందనీ, తమ చరిత్రని వాళ్లే చేసుకున్నారనీ చెప్పే పుస్తకం మా బోటివాళ్లకి ధైర్యం ఇస్తుంది.

అయితే ధైర్యం ఇచ్చింది గదా అని ప్రశ్న అడగకుండా ఉండలేం. థామ్సన్ కథలో మనుషులు పనిలోకి వెళ్తారు, దోపిడీకి గురవుతారు, కలుస్తారు. ఐరిష్ కూలీల మీద ఉన్న చిన్నచూపు గురించి కూడా అతను రాశాడు. కానీ ఒక మనిషిని పుట్టుకని బట్టి షెడ్డు గుమ్మం దగ్గరే ఆపేస్తే, ఆపేది యజమాని ఒక్కడే కాక తోటి కార్మికుడు కూడా అయితే, అప్పుడు వర్గం ఎలా జరుగుతుంది? ఆ ప్రశ్న ఆ పుస్తకానికి అవసరం పడలేదు. అక్కడ నేత షెడ్డులో అంటు లేదు. దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నవాళ్లకి మాత్రం అవసరం పడాలి గదా.

డాక్టరు గడి

వైద్యశాస్త్రపు క్లాసు కూడా ఆ ఊళ్లలోనే పెరిగింది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ కార్మికుల ఆరోగ్య పరిస్థితుల మీద రిపోర్టు ఇచ్చాడు. లివర్‌పూల్‌లో పెద్దమనుషుల సగటు మరణ వయసు 35 ఏళ్లు, వ్యాపారులది 22, కూలీలది 15 అని అందులో ఉంది. అతను ఆ అంకెలు చూపించి అడిగింది మురుక్కాలవలు, మంచినీళ్లు. 1845లో ఏంగెల్స్ అలాంటి అంకెలే చూపించి దాన్ని సమాజం చేసే హత్య అన్నాడు. అంకెలు ఇంచుమించు అవే, అడిగిన ప్రశ్నలు వేరు. ఒకాయనకి పైపులు కనిపించాయి, ఇంకొకాయనకి చేతులు కనిపించాయి.

ఆ తర్వాత అంకెలు ప్రభుత్వం చేతిలోకి పోయాయి. 1911 జనాభా లెక్కలు ఆధారంగా టి.హెచ్.సి. స్టీవెన్సన్ అనే వైద్య గణాంకాధికారి వృత్తుల్ని బట్టి ప్రజల్ని ఎనిమిది క్లాసులుగా విడగొట్టాడు. ఐదు మామూలు మెట్లు. బట్టల మిల్లులవాళ్లు, గని కార్మికులు, వ్యవసాయ కూలీలు ఆ మెట్లలో సరిగ్గా ఇమడకపోవడంతో వాళ్లకి మూడు వేరే గళ్లు. పై క్లాసులో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాదిలోపు చనిపోయేవాళ్లు సుమారు 76 మంది. నైపుణ్యం లేని కూలీల ఇళ్లలో సుమారు 153 మంది. ఇక్కడో విచిత్రం చూడండి. వ్యవసాయ కూలీలకి పట్నపు నైపుణ్య కార్మికుల కంటే కూలి తక్కువ. అయినా వాళ్ల ఇళ్లలో శిశుమరణాలు సుమారు 97, నైపుణ్య కార్మికుల ఇళ్లలో సుమారు 113. అంటే మెట్లు సరిగ్గా లేవని ఆ అంకెలే చెప్పాయి. కానీ 1921 లెక్కలకొచ్చేసరికి ఆ మూడు గళ్లూ ఎత్తేసి అందర్నీ ఐదు మెట్లలో సర్దేశారు. ఇమడని మనుషులు కనబడకుండా పోయారు, నిచ్చెన అందంగా తయారైంది.

ఆ నిచ్చెన చిన్న చిన్న మార్పులతో ఇంచుమించు 80 ఏళ్లు నడిచింది. దానివల్ల మంచి పని జరగలేదని మేము అనం. 1977లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ డగ్లస్ బ్లాక్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఐదో క్లాసువాళ్లు రిటైరయ్యే వయసు రాకముందే చనిపోయే అవకాశం ఒకటో క్లాసు కంటే రెండున్నర రెట్లని అది తేల్చింది. ఉచిత వైద్యం వచ్చి 30 ఏళ్లయినా తేడా పోలేదంది. 1980లో థాచర్ ప్రభుత్వం ఆ రిపోర్టుని సెలవు రోజున, 260 కాపీలు మాత్రమే తీసి, పక్కన పడేయాలని చూసింది. పాలకులు అంకెలకి అంతగా భయపడ్డారంటే అంకెలకి బలం ఉందనే అర్థం. కాబట్టి ‘గణాంకాలు బూర్జువా పని’ అని కొట్టిపారేసే మన మిత్రులతో మేము ఏకీభవించం.

మా విమర్శ వేరే. ఈ క్లాసులో పెళ్లయిన ఆడమనిషికి సొంత గడి లేదు, భర్త వృత్తే ఆమె క్లాసు. పనిలో ఎవడు ఎవడి మీద అధికారం చేస్తాడన్నది లేదు. ఆ లోటు వైద్యశాస్త్రానికే ఎదురైంది. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం లండన్‌లో పనిచేసే 17 వేలకు పైగా మగ ప్రభుత్వోద్యోగుల్ని చూసింది. వాళ్లెవరూ పస్తులున్నవాళ్లు కాదు. అందరివీ జీతం రాళ్లు నెలనెలా వచ్చే ఉద్యోగాలు. అయినా అట్టడుగు గ్రేడు మెసెంజర్లు, గుమ్మం కాపలావాళ్లు పై గ్రేడు అధికార్ల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా చనిపోయారు. సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ లెక్కలోకి తీసుకున్నా గుండెజబ్బుల తేడా పూర్తిగా పోలేదు. మైకేల్ మార్మట్ బృందం ఏళ్ల తరబడి తవ్వి, పనిమీద పట్టు లేకపోవడం, ఎప్పుడూ ఒకరి మాటకి లోబడి ఉండటం శరీరాన్ని తినేస్తాయన్న చోటికి వచ్చింది. అంటే డాక్టర్లు తిరిగి తిరిగి చరిత్రకారుడి గుమ్మం దగ్గరికే వచ్చారు. క్లాసంటే సంబంధమేనని నాడి పట్టుకుని తెలుసుకున్నారు.

నాడె నోట పెట్టుకున్నవాడు, పెట్టుకోనివ్వనివాడు

ఇప్పుడు ఈ రెండు అర్థాల్నీ ఒక చిన్న పనిముట్టు దగ్గర నిలబెట్టి చూద్దాం. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడె. మిల్లులో కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, దారం కొసని నాడె కన్నంలోంచి బయటికి లాగాలి. చేత్తో ఆలస్యమవుతుందని నోటితో పీల్చేవాళ్లు. లాంకషైర్‌లో దానికి ‘నాడెని ముద్దుపెట్టుకోవడం’ అని పేరు. ఒకే నాడె ఎంతోమంది నోట పడేది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో, ఇంగ్లండు 1952లో దీన్ని నిషేధించాయి. క్షయ అంటుకుంటుందన్న భయం దాని వెనక ఉంది. డాక్టరుకి అక్కడ కనిపించింది క్రిమి. కార్మికవర్గ చరిత్రకారుడికి కనిపించేది పని వేగం, ఒక్క నిమిషం వృథా కానివ్వని యజమాని.

అదే నాడె బొంబాయి వచ్చింది. ఇక్కడ నేత విభాగంలోకి అంటరానివాళ్లని రానివ్వలేదు. వాళ్లు నోటపెట్టిన దారం తాము నోటపెట్టం అన్నారు సవర్ణ కార్మికులు. నేతలో కూలి ఎక్కువ. కాబట్టి దళితులు ఎక్కువగా కూలి తక్కువైన రింగు స్పిన్నింగు పనుల్లోనే మిగిలిపోయారు. 1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బొంబాయి మిల్లుల్లో మహా సమ్మె జరిగింది. లక్షన్నర మంది కార్మికులు. థామ్సన్ చెప్పినట్టు వర్గం ‘జరిగిన’ సందర్భం అది. అప్పుడే అంబేద్కర్ లేచి, నేత విభాగం తలుపు మావాళ్లకి తెరవాలన్న డిమాండు కూడా పెట్టమని సమ్మె నాయకుల్ని అడిగాడు. వాళ్లు ఇష్టం లేకుండానే చేర్చారు. యజమానుల ముందు పెడితే, ఇది అన్యాయమే అయితే మా వల్ల జరిగింది కాదు గదా అని వాళ్లు తిరిగి అన్నారు. పెట్టుబడిదారు నోట అంత నిజం రావడం అరుదు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. లాంకషైర్‌లో ఎంగిలి ఒక ఆరోగ్య సమస్య. బొంబాయిలో ఎంగిలి ఒక కుల సమస్య. అక్కడ ఎవరి నోటి దారమైనా ప్రమాదమే. ఇక్కడ క్షయ ఉన్న సవర్ణుడి నోటి దారం పరవాలేదు, ఏ రోగమూ లేని మహర్ మనిషి నోటి దారం పనికిరాదు. ఈ తర్కం వైద్యశాస్త్రం పుస్తకంలో దొరకదు. వర్గ చరిత్ర పుస్తకంలో ‘కార్మికుల్లో చీలికలు’ అన్న పేరాలో ఒక మూల దొరకొచ్చు. తెలంగాణ జిల్లాల నుంచి బొంబాయి, షోలాపూర్ వలసపోయి సాంచాల మీద బతికిన పద్మశాలీలకీ ఈ షెడ్డుల కథ తెలుసు. వాళ్ల చేతికి నాడె అందింది. మాల మాదిగల చేతికి అందలేదు.

కథ కూలి దగ్గర ఆగదు. దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిస్సినోసిస్. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే గుండె పట్టేసినట్టుండటం దాని మొదటి గుర్తు. దూది విడగొట్టే, ఏకే విభాగాల్లో దుమ్ము ఎక్కువ, వడికే చోట కొంత తక్కువ, నేత దగ్గరికొచ్చేసరికి ఇంకా తక్కువ. అంటే కులం వల్ల నేతలోకి పోనివ్వని మనిషి తక్కువ కూలితో పాటు ఎక్కువ దుమ్ము కూడా తీసుకుంటాడు. ఊపిరితిత్తిలోకి కులం ఇలా దిగుతుంది. ‘మిల్లు కార్మికుడు’ అని ఒకే గడిలో రాసిన డాక్టరుకీ, ‘కార్మికవర్గం’ అని ఒకే మాటలో రాసిన నాయకుడికీ ఈ దుమ్ము కనిపించదు.

మన దేశపు స్కేళ్లు

స్వతంత్రం వచ్చాక మన వైద్యశాస్త్రం సొంత కొలబద్దలు చేసుకుంది. 1961లో బి.జి. ప్రసాద్ తలసరి ఆదాయాన్ని బట్టి ఐదు క్లాసులు పెట్టాడు. 1964లో ఉదయ్ పరీక్, త్రివేది గ్రామాల కోసం స్కేలు తయారుచేశారు. 1976లో కుప్పుస్వామి పట్నాల కోసం ఇంటిపెద్ద చదువు, వృత్తి, కుటుంబ ఆదాయం కలిపి 29 మార్కుల స్కేలు ఇచ్చాడు. ఈ రోజుకీ ఎంబీబీఎస్ పిల్లలు బస్తీలకి పోయి ఫ్యామిలీ స్టడీ రాసేటప్పుడు కుప్పుస్వామి మార్కులు వేస్తారు. ధరల సూచీని బట్టి ఆదాయపు అంకెలు మారుస్తూ పోతారు. ధరలు పెరిగితే స్కేలు మారుతుంది. మనుషుల మధ్య సంబంధాలు మారాయా లేదా అన్నది దానికి పట్టదు.

కుప్పుస్వామి మూల స్కేలులో నైపుణ్యం లేని పనికి 2 మార్కులు. ఇద్దరు మనుషుల్ని అనుకుందాం. ఇద్దరూ ఐదో తరగతి చదివారు, ఇద్దరి ఇంటి ఆదాయమూ ఒకటే. ఒకాయన గుళ్లో ప్రసాదం పొట్లాలు కడతాడు. ఇంకొకాయన డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో దిగుతాడు. స్కేలు ప్రకారం ఇద్దరిదీ ఒకే క్లాసు. ఒకాయన పిల్లాడికి జ్వరమొస్తే పక్కింటివాళ్లు ఆటో పిలుస్తారు. ఇంకొకాయన పిల్లాడికి జ్వరమొస్తే నర్సమ్మ ముట్టుకోకుండా మందు చీటీ దూరం నుంచి ఇస్తుంది. మార్కులు మాత్రం సమానం. పైగా ‘ఇంటిపెద్ద’ అన్న మాట చూడండి. మొగుడు తాగి పడుంటే నాట్లకీ కలుపులకీ పోయి ఇల్లు నడిపే మా తల్లుల్ని ఈ మాట ఎక్కడ పెడుతుంది? బ్రిటన్ భర్త పేరున రాసింది, మనం ఇంటిపెద్ద పేరున రాస్తున్నాం.

సరే, కులం లేకపోవడమే లోపమైతే కులం చేర్చిన స్కేలు బావుండాలి గదా. పరీక్ స్కేలులో కులం ఉంది. షెడ్యూల్డ్ కులానికి 1 మార్కు. అక్కణ్నుంచి మెట్టు మెట్టుగా పెరిగి ఊరి మీద పెత్తనం చేసే కులానికి 6 మార్కులు. దీనికి భూమి, ఇల్లు, నాగలి ఎడ్లు, సామాన్లు, చదువు మార్కులు కలుపుతారు. కలపడంలోనే ఉంది అసలు సంగతి. కలిపారంటే ఒకదానిలో తగ్గింది ఇంకోదానిలో పూడుతుందని ఒప్పుకున్నట్టే. దళితుడు కులంలో పోయిన 5 మార్కుల్ని చదువుతోనో ఇంటితోనో సంపాదించుకోవచ్చని ఆ స్కేలు లోపల్లోపల అంటోంది.

కారంచేడు అలా అనలేదు. 1985 జూలైలో అక్కడ దళితులు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెల కుడితి బక్కెట్లు కడుగుతుంటే వద్దన్నారు. వద్దన్నందుకు మర్నాడు, జూలై 17న, దాడి చేసి ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. చదువుకున్న దళిత యువకులు తల ఎత్తి తిరగడమే అక్కడి కోపానికి మూలం. అంటే చదువులో మార్కులు పెరిగినందుకే కులం మీదపడింది. ఏ స్కేలులోనైనా ఇది కూడిక లెక్క అవుతుందా? పి.ఎస్.ఎం. పిల్లాడు కారంచేడు పోయుంటే ఫారంలో ‘నీటి వనరు: చెరువు, సురక్షితం కాదు’ అని రాసేవాడు. ఎవరి వల్ల సురక్షితం కాదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

‘సర్దుబాటు’ చేసేసిన మనుషులు

ఇదంతా మాటల గొడవ, అంకెలకొస్తే ఏం తేడా పడుతుందని అడిగేవాళ్లున్నారు. అంకెలకే వద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో శిశుమరణాలు షెడ్యూల్డ్ కులాల్లో 45, తెగల్లో 44, ఓబీసీల్లో 42, ఇతరుల్లో 32. దీన్ని చూపిస్తే వెంటనే వచ్చే మాట: వాళ్లు బీదవాళ్లు గదా, అది కులం కాదు క్లాసు. సరే. 2022లో వ్యాస్, హాథీ, గుప్తా తొమ్మిది రాష్ట్రాల సర్వే సమాచారంతో చేసిన అధ్యయనం అచ్చయింది. అగ్రకుల హిందువుల కంటే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా, ముస్లిములది ఏడాది దాకా తక్కువని లెక్క తేల్చింది. ఆర్థిక స్థితి ఈ తేడాల్లో సగం కూడా వివరించలేకపోయింది. మిగిలిన సగం పైన ఏమిటి మరి?

అయితే ఇక్కడ మనవాళ్లకి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. అగ్రకుల స్త్రీల కంటే దళిత స్త్రీలు 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని 2018లో ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం చెప్పిన అంకె మన పోస్టర్లన్నింటి మీదా ఉంది. అది చనిపోయినవాళ్ల సగటు వయసు. ఆయుర్దాయం కాదు. చాడ్విక్ చెప్పిన లివర్‌పూల్ కూలీల 15 ఏళ్లు కూడా అలాంటిదే. పిల్లలు ఎక్కువ ఉన్న జనాభాలో చనిపోయేవాళ్ల సగటు వయసు దానంతటదే తగ్గుతుంది. ఆ అంకెతో వాదిస్తే రేపు ఎవరో గణాంకాలు చదివినవాడు ఒక్క మాటతో పడగొడతాడు. మూడేళ్లకు పైగా అన్న అంకె చిన్నదే. కానీ నిలబడుతుంది. మన కోపానికి నిలబడే అంకె కావాలి.

అసలు ‘సర్దుబాటు’ అనే పద్ధతి గురించి కూడా చెప్పాలి. వైద్య పరిశోధనల్లో ‘ఆదాయం, చదువు సర్దుబాటు చేశాక కులం ప్రభావం తగ్గిపోయింది’ అని రాస్తారు. రాసి, కులం అసలు కారణం కాదని ముగిస్తారు. ఆ ఆదాయం అలా ఉండటానికి, ఆ చదువు అక్కడ ఆగిపోవడానికి కారణం ఏంటి? నేత షెడ్డు తలుపు మూసి, కూలి తగ్గించి, ఆ తర్వాత ‘కూలిని సర్దుబాటు చేస్తే తలుపు ప్రభావం తక్కువే’ అంటే ఒప్పుకుంటామా? నంబరునైతే పట్టి ఆపొచ్చు. సంబంధాన్ని పట్టి ఆపలేం. కులం కదలకుండా కూచున్న పక్క గడి కాదు, మిగతా గళ్లు నింపే చెయ్యి.

మాకు వచ్చే జవాబులు

వామపక్ష మిత్రులు అంటారు: మీరు చెప్పేదంతా వర్గ విశ్లేషణలోనే ఉంది, కులం ఉపరితలం. ఉపరితలం అయితే 1928లో నేత తలుపు మూసిన కార్మికుడికి దానివల్ల ఎక్కువ కూలి ఎలా దక్కింది? కూలి పునాదే గదా. అంబేద్కర్ 1916లోనే కులాన్ని తలుపులు మూసుకున్న వర్గమని వివరించాడు. 1936లో కులం పనిని మాత్రమే కాక పనిచేసేవాళ్లనే విడదీస్తుందని వాదించాడు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికులతో బ్రాహ్మణిజం, పెట్టుబడి రెండూ శత్రువులేనన్నాడు. వర్గాన్ని కాదన్నవాడు ఇలా మాట్లాడడు. వర్గం ఎక్కడ ఆగిపోతుందో చూసినవాడు మాట్లాడతాడు.

డాక్టర్లు అంటారు: కేసు షీటులో కులం రాస్తే వివక్ష ఇంకా పెరుగుతుంది. ఈ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోం. వార్డులో మంచం దగ్గర వేలాడే కాగితం మీద కులం రాయమని మేము అడగడం లేదు. కానీ కులం రాయని వార్డులో కులం లేదా? ఊరి పేరు, ఇంటి పేరు, వాడ పేరు అడిగి ఎవరు ఎవరో తెలుసుకోవడం అందరికీ వచ్చు. పేషెంటుకి కుప్పుస్వామి మార్కులు వేసే ఆ వార్డుని ఊడ్చే మనిషిని ‘క్లాస్ ఫోర్’ అంటూ వచ్చారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పనీ కాంట్రాక్టుకి పోయింది. ఆ చీపురు పట్టినవాళ్ల కులాలేమిటో ఎవర్నీ అడగక్కర్లేదు. రోజూ కళ్ల ముందు ఉన్నదాన్ని లెక్కలోకి మాత్రం రానివ్వకపోవడం కాపాడేది ఎవర్ని?

ఏం రాయాలి, ఎవరు రాయాలి

డ్రైనేజీలో చనిపోయిన మనిషికి పోస్టుమార్టం చేస్తే ‘ఊపిరాడక’ అని వస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉన్న చోట ఊపిరాడకపోవడం నిజమే. కానీ ఆ గ్యాసు ఎప్పుడూ అవే కులాల ఊపిరి ఎందుకు ఆపుతోంది? 2013లో చట్టం వచ్చింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మధ్యలో 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభలో పాకీపని వల్ల చనిపోయినట్టు ఎవరూ నమోదు కాలేదని చెప్పింది. ఎలా చెప్పగలిగింది? పాకీపని ఒక గడి, మురుగునీటి కాలవల ‘ప్రమాదకర శుభ్రత’ ఇంకో గడి. గడి మార్చేస్తే శవం మాయమవుతుంది. గడి అంటే అంత పని చేస్తుంది. దాన్ని డాక్టర్లకో, గుమాస్తాలకో వదిలేసి మనం వర్గపోరాటం గురించి మాత్రమే మాట్లాడుకుంటే కుదరదు.

మరణ నమోదు ఫారంలో మతం అడుగుతారు, వృత్తి అడుగుతారు, కులం అడగరు. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కుల సర్వే మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని ప్రకటించింది. బతికున్నవాళ్ల లెక్క సరే. కులాన్ని బట్టి చావుల లెక్క కూడా కావాలని మనం అడగాలి. మనుషుల పేర్లు బయటపడకుండా, నమోదులో కులం, చేసిన పని, ఆ పని కాంట్రాక్టా పర్మినెంటా, ఆడవాళ్ల సొంత పని రాయించాలి. లేకపోతే మన జనాభా ఎంతో తెలుస్తుంది, మన వయసు ఎంతో తెలియదు.

మెడికల్ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలకి ఒక మాట. కుప్పుస్వామి మార్కులు వెయ్యండి, పరీక్ష పాసవ్వాలి గదా. మార్కులు వేశాక ఫారం వెనక్కి తిప్పి ఇంకో నాలుగు లైన్లు రాయండి. ఈ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు, ఆ పనిలోకి ఇంకెవరూ ఎందుకు రారు, ఏ పనిలోకి వీళ్లని రానివ్వరు, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, ఆ నీళ్ల మీద పెత్తనం ఎవరిది. చరిత్ర చదువుతున్న పిల్లలు ఆసుపత్రి రికార్డుల గదిలోకి పోండి, యూనియన్ ఆఫీసు దస్త్రాలు ఒక్కటే చాలవు. ఆ నాలుగు లైన్లూ, ఈ రికార్డులూ ఒకచోట చేరిన రోజున చరిత్రకారుడి వర్గం, డాక్టరు క్లాసు మన చేతుల్లో మొదటిసారి కలుస్తాయి. ఆ పని వేరేవాళ్లు చేసిపెడతారని ఎదురుచూడటం దండగ.